ఎడమవైపు దొంతర

గంగరత్న పేరు ముందు డాక్టర్ అన్న మాట చేరి రెండేళ్లు దాటింది. ఉద్యోగం మాత్రం చేరలేదు.

దరఖాస్తు పంపని చోటు లేదు. విశ్వవిద్యాలయాలు, పరిశోధన కేంద్రాలు, విత్తనాల కంపెనీలు, ఎరువుల కంపెనీలు. ఎక్కడ ఖాళీ ఉందని తెలిసినా ఆ రోజే బయోడేటా పంపేది. జవాబు వచ్చేది కాదు. వద్దని రాసినా బాధపడి ఊరుకునేదేమో. వద్దని కూడా ఎవరూ అనలేదు.

అనంతపురంలో ఒక డిగ్రీ కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్పేది. స్టాఫ్ రూములో ఎవరైనా కొత్తవాళ్లకు “మేడం పీహెచ్‌డీ అంట” అని పరిచయం చేసినప్పుడల్లా తల వంచుకొని చేతిలో ఉన్న పుస్తకం తిరగేసేది. వాళ్ల మాటలో వెటకారం ఉండేది కాదు. అయినా ఆమెకు వినిపించేది.

ఆమె బయోడేటా పద్దెనిమిది పేజీలు. పదో తరగతి మార్కులతో మొదలై, డిగ్రీలో వక్తృత్వ పోటీలో వచ్చిన రెండో బహుమతి, ఎన్.ఎస్.ఎస్. క్యాంపులు, కంప్యూటర్ కోర్సు, హాజరైన ప్రతి సదస్సు, ఆ సదస్సు పేరు, ఊరు, తేదీ, అన్నీ ఉండేవి. దాన్ని స్పైరల్ బైండింగ్ చేయించి పైన ప్లాస్టిక్ అట్ట వేయించింది. కాస్త తగ్గించమని ఒకరిద్దరు స్నేహితులు చెప్పారు. తగ్గించాలని కూర్చుంటే చెయ్యి వచ్చేది కాదు. ఫలానా సదస్సుకు జ్వరంతో వెళ్లింది. ఫలానా కోర్సు కోసం అమ్మ కమ్మలు తాకట్టు పెట్టింది. ఇంత కష్టానికి ఒక్క లైను కూడా దక్కకూడదా అనిపించేది.

అట్లాంటి రోజుల్లోనే హుస్సేన్ పీరా సారు కేంద్రంలో ఒక పోస్టు ఉందని తెలిసింది.

పీరా సారు ఆమెకు ఎం.ఎస్సీ.లో మట్టి గురించి పాఠాలు చెప్పిన గురువు. బోర్డు మీద రాయడం కన్నా గుప్పెడు మట్టి తెచ్చి బల్ల మీద పోసి మాట్లాడటం ఆయనకు అలవాటు. రిటైరయ్యాక రాయదుర్గం ఊరి బయట, మూతపడిన నూనె మిల్లు పక్కన మూడు గదులు అద్దెకు తీసుకొని చిన్న భూసార కేంద్రం పెట్టాడు. బోరు నీళ్లు పారించి పారించి చౌడుబారిన పొలాలను మళ్లీ పంటకు తేవడం అక్కడి పని. బెంగళూరులోని ఒక ట్రస్టు డబ్బిస్తోంది. ఇప్పుడు వాళ్లు ఒక పరిశోధకుడి పోస్టు ఇచ్చారు.

గంగరత్న ఈ రెండేళ్లలో సారు దగ్గరికి ఒక్కసారి కూడా పోలేదు. క్లాసులో మొదటి వరుసలో కూర్చున్న పిల్ల, ఉద్యోగం లేదని చెప్పుకోవడానికి ఎట్లా పోతుంది? కానీ ఈ పోస్టు వేరు. సారు తనను ఎరుగును. తనను పక్కన పెట్టి ఇంకొకరిని తీసుకోడు. బస్సులో కూర్చొని, ఏం మాట్లాడాలో ఒకటికి రెండుసార్లు మనసులో చెప్పుకుంది. భుజానికి తగిలించుకున్న సంచిలో స్పైరల్ బైండింగ్ గట్టిగా తగులుతూనే ఉంది.

ఆమె వెళ్లేసరికి సారు వసారాలో కుర్చీలో కూర్చొని ఉన్నాడు. నల్లద్దాలు పెట్టుకున్నాడు. కంటికి శుక్లం ఆపరేషన్ అయి వారం కూడా కాలేదట.

“ఎవురు? గంగరత్నా! రామ్మా, రా. సమయానికి వచ్చినావు,” అన్నాడు. రెండేళ్లుగా కనపడని మనిషిని చూసినట్టు కాక, నిన్న సాయంత్రం వెళ్లినామె పొద్దున్నే తిరిగొచ్చినట్టు పిలిచాడు.

ఆమె నమస్కారం పెట్టింది. కుశల ప్రశ్నలు అయ్యాయి. తాను వచ్చిన పని చెప్పబోయేంతలో ఆయనే అందుకున్నాడు.

“మనకొక పోస్టు వచ్చింది. అప్లికేషన్లు వచ్చి పడినాయి. రేపు బెంగళూరు వాళ్లు వస్తారు, మంచివి తీసి వాళ్ల ముందర పెట్టాల. నా సంగతి చూస్తే కన్ను ఇట్లయ్యింది. అక్షరం చదవొద్దన్నాడు డాక్టరు. నువ్వు చదివిపెట్టు. నేను వింటా.”

తాను కూడా పోస్టు కోసమే వచ్చానని అప్పుడే చెప్పి ఉండాల్సింది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎవరెవరు వేశారో ఒకసారి చూస్తే పోయేదేముంది అని ఇంకో ఆలోచన దాన్ని వెనక్కు నెట్టింది.

“అట్లాగే సార్,” అంది.

లోపలి గదిలో పొడుగాటి బల్ల. దాని మీద నలభై దాకా దరఖాస్తులు. ఒక పక్క ఆమె, ఎదురుగా సారు. ఆయన నల్లద్దాలు నుదుటి మీదికి జరిపి, కుర్చీలో వెనక్కు వాలి కళ్లు మూసుకున్నాడు.

“ఈ మనిషి ఏం చేసినాడో నాకు తెలిస్తే కుడి పక్క పెట్టు. తెలీకపోతే ఎడమ పక్క. అంతే.”

గంగరత్న మొదటిది తీసి చదవడం మొదలుపెట్టింది. పేరు, తండ్రి పేరు, చిరునామా, పదో తరగతి, ఇంటర్, డిగ్రీ. తర్వాత ఆశయం. తర్వాత సదస్సులు. సదస్సుల పేర్లు ఒక్కొక్కటి రెండేసి లైన్లు. నాలుగో పేజీకి వచ్చేసరికి ఆమె గొంతులో విసుగు ఆమెకే వినిపించింది.

“ఎక్కడ పెడదాం?” అన్నాడు సారు కళ్లు తెరవకుండా.

“ఎడమ పక్క సార్.”

రెండోది ఇరవై పేజీలు పైనే ఉంది. మూడోది అంతే. అందరూ డాక్టర్లే. అందరి ఆశయమూ ఒకటే. పేరున్న సంస్థలో, సవాళ్లతో కూడిన బాధ్యత తీసుకొని, తమ నైపుణ్యాలతో సంస్థ ఎదుగుదలకూ తమ ఎదుగుదలకూ తోడ్పడాలట. ఇంగ్లీషులో అవే మాటలు, అదే వరుసలో. నెట్‌లో ఒకే నమూనా చూసి దించుకున్నారని తెలిసిపోతోంది. అయిదోసారి ఆ వాక్యం వచ్చినప్పుడు గంగరత్న నవ్వింది.

“వీళ్లకు సొంతంగా ఒక్క మాట రాయడం రాదా సార్?”

నవ్వుతూనే ఇంకోటి తీసింది.

పోను పోను ఆమెకు చేయి తిరిగింది. మొదటి పేజీ చదివి, రెండోది తిరగేసి, మిగతావి బొటనవేలితో అలా జార్చి పక్కన పెట్టేస్తోంది. “ఎడమ పక్క సార్.” “ఇదీ అంతే సార్.” “ఇతను ముప్పై సదస్సులకు పోయాడు సార్, పరిశోధనకు టైము ఎప్పుడు దొరికిందో.” అట్లా అంటుంటే ఆమెకు ఒక రకంగా హాయిగా కూడా ఉంది. ఇంతకాలం ఎక్కడో ఎవరో తనను ఇట్లాగే తిరగేసి ఉంటారన్న ఆలోచన అప్పటికింకా రాలేదు.

మధ్యాహ్నానికి బల్ల ఖాళీ అయింది. కుడివైపు మూడు దరఖాస్తులు. ఎడమవైపు మిగతావన్నీ, దొంతర పెట్టి.

“అయిపోయినాయి సార్.”

“ఇంకొకటి ఉంది కదమ్మా.”

“లేదు సార్. అన్నీ చూశాను.”

“నీ సంచిలోది.”

గంగరత్న చెయ్యి సంచి మీదికి పోయింది. సారు అదే తీరులో, కళ్లు మూసుకొనే అన్నాడు. “పొద్దున వచ్చినప్పటి నుంచి ఆ సంచి భుజాన్నించి దింపలేదు నువ్వు. ఒక కన్నుకే కదా ఆపరేషన్ అయ్యింది.”

ఆమె ముఖం కందిపోయింది. “నేను... ముందే చెబుదామనుకున్నా సార్.”

“కానీయ్. చదువు.”

సంచిలోంచి తీసింది. ప్లాస్టిక్ అట్ట మీద తన పేరు. ముందు డాక్టర్. చదవడం మొదలుపెట్టింది.

పేరు. తండ్రి పేరు. చిరునామా. పదో తరగతి, శాతం. ఇంటర్, శాతం. ఇన్ని దరఖాస్తులు చదివిన గొంతు కాబట్టి ఆమె ఆపకుండానే అదే ధోరణిలో సాగిపోయింది. ఆశయం దగ్గరికి వచ్చింది. పేరున్న సంస్థలో, సవాళ్లతో కూడిన...

ఆ వాక్యం పూర్తి చేయలేదు. పేజీ తిప్పింది. వక్తృత్వ పోటీ, రెండో బహుమతి. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు. ఇంకో పేజీ. సదస్సులు. వాటి పేర్లు ఒక్కొక్కటి రెండేసి లైన్లు. అప్పుడు తన గొంతు తనది కానట్టుగా వినిపించింది. ఎవరో ఎక్కడో ఒక బల్ల ముందు కూర్చొని, మధ్యాహ్నం భోజనానికి టైమవుతుంటే, గంగరత్న అనే మనిషిని బొటనవేలితో జార్చడం ఆమెకు కనపడింది. వాళ్లు ఎవరో తెలియదు. వాళ్ల మీద ఇంతకాలం పెంచుకున్న కోపం మాత్రం తెలుసు. వాళ్లు చెడ్డవాళ్లు కానక్కర్లేదని ఆ క్షణాన అర్థమైంది. అలిసిపోయి ఉంటే చాలు.

చదవడం ఆపింది. గదిలో ఫ్యాను చప్పుడు.

“ఎక్కడ పెడదాం?” అన్నాడు సారు.

ఆ గొంతులో ఎగతాళి లేదు, జాలి లేదు. పొద్దుటి నుంచి అడిగినట్టే అడిగాడు.

గంగరత్న లేచి, తన బయోడేటాను ఎడమవైపు దొంతర మీద పెట్టింది.

సారు కళ్లు తెరిచాడు. కుర్చీ చేతులు పట్టుకొని మెల్లగా లేచాడు. “నేను నమాజు చేసుకొని వస్తా. వంటింట్లో అన్నం, పప్పు ఉన్నాయి. తిను,” అని వసారాలోకి వెళ్లిపోయాడు.

ఆమెకు తినబుద్ధి కాలేదు. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. ఎడమవైపు దొంతర వంక చూస్తూ కూర్చుంది. పైన తనది. దాని కింద ఇంకెవరిదో.

తనది తీసి పక్కన పెట్టి, ఆ కిందది చేతిలోకి తీసుకుంది. పొద్దున దాన్ని రెండో పేజీతోనే వదిలేసింది. సాలమన్ రాజు అని ఒకతనిది, ప్రకాశం జిల్లా. మొదటి పేజీలో అదే ఆశయం, అవే మాటలు. ఆమె ఈసారి నవ్వలేదు. రెండో పేజీ చదివింది. మూడో పేజీ చదివింది. సదస్సులు కూడా ఒక్కటి వదలకుండా చదివింది. ఈ మనిషి కూడా ఏదో సదస్సుకు జ్వరంతో పోయి ఉంటాడు.

చివరి పేజీలకు వచ్చింది. ‘ఇతర కార్యక్రమాలు’ అన్న శీర్షిక కింద, రక్తదానానికీ క్రికెట్‌కూ మధ్య నాలుగు లైన్లున్నాయి.

తన ఊరి పక్క ఊళ్లో రైతులతో కలిసి రెండేళ్లు చౌడు భూమిలో పనిచేశానని రాశాడు. మొదటి ఏడు జిప్సం వేసి, పచ్చిరొట్టకు జీలుగ చల్లి కలియదున్నామనీ, అయినా పంట రాలేదనీ, ఉప్పు దిగిపోవడానికి మురుగు కాల్వ తీయకపోవడం తన పొరపాటనీ రాశాడు. రెండో ఏడు రైతులే తలా ఒక చెయ్యి వేసి కాల్వ తవ్వారట. అయిదెకరాల్లో వరి పండిందట. అంతే. తర్వాత మళ్లీ క్రికెట్.

గంగరత్న ఆ నాలుగు లైన్లు మళ్లీ చదివింది.

ఈ కేంద్రానికి కావలసిన మనిషి ఇతనే. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలిసింది. మట్టి చదువుకున్నది కాబట్టి తెలియకుండా ఉండదు. తాను చేసిన పని వేరు. ఎక్కువగా లాబ్‌లో గాజు పలకల మీద, కుండీల్లో చేసిన పని. చౌడు నేలలో రైతు పక్కన నిలబడి ఒక పంట పోగొట్టుకొని, ఇంకో పంట తీసిన అనుభవం తనకు లేదు.

ఆ కాగితాలు చేతిలో అట్లాగే పట్టుకొని కూర్చుంది.

వీటిని మళ్లీ ఎడమవైపు పెట్టేస్తే ఎవరికీ తెలియదు. పొద్దున సారు ఎదుటే అక్కడ పెట్టింది. ఆయన కాదనలేదు. రేపు ట్రస్టు వాళ్లు కుడివైపువి చూసి పోతారు. తన బయోడేటా ఇంటికి తీసుకుపోయి రాత్రికి రాత్రి బాగుచేసి తెల్లారి తెస్తే, కుడివైపు ఉన్న మూడింటికన్నా తనది తీసిపోదు. ఇట్లా ఆలోచిస్తున్నది తానేనా అనిపించింది. తానే. రెండేళ్లుగా జవాబు రాని మనిషి ఆలోచన అది.

బయట వసారాలో నీళ్ల చప్పుడు వినిపించింది. సారు నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కొని వజూ చేసుకుంటున్నాడు. ఆయన లోపలికి రావడానికి ఇంకా సమయం ఉంది.

గంగరత్న లేచి సాలమన్ రాజు దరఖాస్తును కుడివైపు, అన్నిటికన్నా పైన పెట్టింది. చివరి పేజీ పైకి వచ్చేటట్టు తిప్పి పెట్టింది. తర్వాత కూర్చొని, ఎడమవైపు దొంతర మొత్తం తన ముందుకు లాక్కుంది. మొదటిది తీసి మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టింది.

సారు వచ్చి చూశాడు. ఎదురుగా కూర్చున్నాడు. సాయంత్రానికి ఇంకో రెండు దరఖాస్తులు అటునుంచి ఇటు వచ్చాయి.

ఎండ వాలాక ఆమె తన స్పైరల్ బైండింగ్ సంచిలో పెట్టుకొని లేచింది.

“నీది ఇయ్యవా?” అన్నాడు సారు. “రేపటి దాకా గడువుంది.”

“వద్దు సార్. ఇక్కడి కాగితాలు నేను చదివాను. ఇంక ఇక్కడ వేసుకోకూడదు.”

సారు నల్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు. ఆమె గడప దాటుతుంటే మాత్రం, “గంగరత్నా, ఆరేళ్లు పరిశోధన చేసినావు కదా, ఏం చేసినావమ్మా?” అని అడిగాడు.

ఆమె తన థీసిస్ పేరు చెప్పింది. రెండు లైన్ల పేరు.

సారు తలూపాడు. “సరే. జాగ్రత్తగా పో,” అన్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక, సారు తనను అడిగింది థీసిస్ పేరు కాదని ఆమెకు తోచింది.

నెల దాటాక గంగరత్న మళ్లీ రాయదుర్గం వచ్చింది. ఈసారి ఆమె చేతిలో రెండే రెండు కాగితాలున్నాయి. ఆ రెండు కాగితాల కోసం ఆమె పడ్డ అవస్థ ఆమెకే తెలుసు. ఒక్కొక్క లైను తీసేసినప్పుడు ఒక్కొక్క ఏడాది పోయినట్టుండేది. తీసేశాక చూస్తే ఏమీ పోలేదు.

వసారా చివర ఒక మనిషి చొక్కా చేతులు మడిచి జల్లెడలో మట్టి జల్లిస్తున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఆమెను చూసి, “సార్ లోపల ఉన్నారండీ,” అన్నాడు.

“కొత్తగా చేరినాడు,” అన్నాడు లోపల పీరా సారు. “సాలమన్ రాజు. మంచి పనిమంతుడు.”

సారు కన్ను బాగయింది. నల్లద్దాలు లేవు. అయినా ఆమె కాగితాలు అందిస్తే తీసుకోలేదు. “చదువు, వింటా,” అన్నాడు.

“జీవన ఎరువులు తయారుచేసే ఒక లాబ్‌కు పంపుదామని రాశాను సార్,” అని గంగరత్న చదవడం మొదలుపెట్టింది.

“శెనక్కాయ వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా మీద ఆరేళ్లు పనిచేశాను. వానలు లేని ఒక ఏడాది, బెళుగుప్ప దగ్గర బీడు పెట్టిన పొలంలో, రాలిన గింజల నుంచి మొలిచిన శెనక్కాయ మొక్కలు కొన్ని వాడిపోకుండా నిలబడి ఉండటం చూశాను. వాటి వేళ్ల బుడిపెలు కోసి చూస్తే లోపల ఇంకా గులాబీ రంగులోనే, అంటే పనిచేస్తూనే ఉన్నాయి. వాటి నుంచి వేరుచేసిన ఒక రకం బాక్టీరియా, మామూలు రకాలు చచ్చిపోయే వేడిలో కూడా బతికింది. కుండీల్లో దాన్ని వేసిన మొక్కలు, నీళ్లు సగం తగ్గించినా కాయ కట్టాయి. పొలంలో వేసిన మొదటి ఏడాది తేడా కనిపించలేదు. విత్తనానికి పట్టించిన తీరులో పొరపాటు ఉందని తర్వాత తెలిసింది...”

బయట జల్లెడ చప్పుడు ఆగింది.

గంగరత్న ఇంకో పేరా చదివేసరికి గుమ్మంలో నీడ పడింది. సాలమన్ రాజు చేతులకు మట్టితో అట్లాగే నిలబడి ఉన్నాడు.

“మధ్యలో వచ్చానని అనుకోకండి మేడం. వినపడుతుంటే ఆగలేకపోయాను. ఆ బాక్టీరియా ఇప్పుడెక్కడుందండీ? బతికే ఉందా?”

గంగరత్న కాగితం లోంచి తల ఎత్తింది. ఈ రెండేళ్లలో సారు తప్ప ఆమె పని గురించి ఎవరూ ఏదీ అడగలేదు.

“ఉంది,” అంది. “మా కాలేజీ ఫ్రిజ్‌లో గాజు గొట్టాల్లో పెట్టాను. అప్పుడప్పుడూ కొత్త గొట్టాల్లోకి మారుస్తుంటాను.”

“థీసిస్ అయిపోయాక కూడానా? ఎవరు మార్చమన్నారండీ?”

“ఎవరూ అనలేదు. మార్చకపోతే చచ్చిపోతుంది కదా.”

సాలమన్ రాజు లోపలికే వచ్చి, గోడ పక్కనున్న స్టూలు లాక్కొని కూర్చున్నాడు. ఏ వేడి దాకా తట్టుకుంటుంది, చౌడులో వేసి చూశారా, విత్తనానికి దేనితో పట్టించారు అని ఒకదాని వెనక ఒకటి అడగసాగాడు. ఆమె జవాబులు చెబుతోంది. చెబుతూ చెబుతూ కుర్చీ అంచుకు జరిగింది. చేతిలోని కాగితాలు ఎప్పుడు బల్ల మీద పెట్టిందో ఆమెకు తెలియదు.

హుస్సేన్ పీరా సారు ఇద్దరినీ కాసేపు చూశాడు. జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితాల మీద పెట్టి, ఆమె వైపు జరిపాడు.

“గొట్టాలు మార్చే సంగతి కూడా రాసి, పంపమ్మా.”